ఉస్తి, ఉసిరి కాదు

మా అక్క సుభద్రకి నోరు చచ్చిపోయిందని ఫోను వచ్చిన రోజునే నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలు మొదలయ్యాయి. ఫోను చేసింది అక్క కోడలు పద్మ. "జ్వరం తగ్గిందండి మావయ్యగారూ, మందులూ అయిపోయాయి. కానీ ఏది పెట్టినా మట్టి నమిలినట్టుందంటున్నారు. రెండు ముద్దలు తిని కంచం నెట్టేస్తున్నారు. ఇలాగే ఉంటే మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుందన్నారు డాక్టరుగారు. మీరొచ్చి చెబితే వింటారేమో" అంది. ఉద్యోగం నుంచి దిగిపోయాక విజయవాడలో నాకు పెద్దగా పనేమీ లేదు. దినపత్రిక డెస్కులో కూర్చుని బతుకంతా ఇతరుల వాక్యాలు దిద్దిన మనిషిని. ఇప్పుడు కూడా పొద్దున్నే పేపరు తెరిచి ఎర్ర పెన్నుతో తప్పులకి సున్నాలు చుడుతూ కూర్చుంటాను, చూపించడానికి ఎవరూ లేకపోయినా. పెన్ను మూత పెట్టి నూజివీడు బస్సెక్కాను.

అక్క గొంతుతో బతికిన మనిషి. బావగారు పోయాక బజార్లో కిరాణా కొట్టు తనే నడిపింది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని గోదాములో ఉన్న మనిషిని పిలిస్తే ఎదురింటివాళ్ళు కూడా ఏమిటని తొంగి చూసేవారు. అలాంటిది, ఆ రోజు నేను వెళ్ళి పక్కన కూర్చుంటే ఏమందో వినడానికి కుర్చీ దగ్గరికి జరుపుకోవాల్సి వచ్చింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. బల్ల మీద ఆ ఏడాది మొదటి రసాలు పళ్ళెంలో పెట్టి ఉన్నాయి, వాటి వంక చూడను కూడా చూడలేదు.

"ఏం తినాలనుందో చెప్పక్కా, తెప్పిస్తాను."

"నువ్వు తెప్పించలేవు."

"చెప్పి చూడు."

"ఉస్తివరుగు నేతిలో వేయించి, వేడన్నంలో నలిపి పెడితే తింటానేమో. మామ్మ పెట్టేది చూడు, అది. లేదంటే ఊరికే పరామర్శలు చెయ్యకుండా పేపరు చదువుకో" అంది. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చి కళ్ళు మూసుకుంది.

ఉస్తి అంటే ఇవాళ ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. వంకాయకి అడవిలో ఉండిపోయిన చుట్టం అనుకోవచ్చు. ఆకు వంగ ఆకే, కాకపోతే ఇంకా వెడల్పు. పువ్వు తెల్లటి చుక్క. కాండం నిండా ముళ్ళు, మనిషెత్తు పొద. బఠాణీ గింజకి కాస్త పెద్దవిగా ఆకుపచ్చ కాయలు గుత్తులు గుత్తులుగా కాస్తాయి. చేదు. కాకరకాయలా నాలుక మీద వెంటనే తెలిసే చేదు కాదు, మింగాక గొంతులో కాసేపు కూర్చునే చేదు. మా చిన్నప్పుడు దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ అమ్మలేదు. మామిడి తోటల కంచెల్లో, కాలవ గట్ల మీద, పెంటకుప్పల పక్కన దానంతటది పుట్టి దానంతటది కాసేది.

మాది మామిడి వ్యాపారం చేసే ఇల్లు. వేసవి వస్తే అది ఇల్లులా ఉండేది కాదు. వీధి గదిలో, నడవలో, దేవుడి గది గుమ్మం దాకా వరిగడ్డి పరిచి కాయలు మాగేసేవారు. ఆ వాసన మధ్యే మా నిద్ర, ఆ వాసన మధ్యే మా చదువు. నాన్న తోటల నుంచి చొక్కా నిండా సొన మరకలతో వచ్చి, స్నానం చేయకుండా ఎవరినీ ముట్టుకునేవాడు కాదు. అమ్మ గడ్డిలో చేతులు పెట్టి, చూడకుండానే, మెత్తబడ్డవి ఒక పక్కకీ గట్టివి ఒక పక్కకీ ఏరేది. డాగు పడ్డవన్నీ పిల్లలవి. అడ్డూ అదుపూ లేదు. అయితే మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఒక చట్టం పెట్టింది. మధ్యాహ్నం అందరం వరసగా పీటల మీద కూర్చోవాలి. ఉస్తివరుగు నేతిలో వేయించి, వేడన్నంలో నలిపి కలిపి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టేది. దాని పేరు చేదుముద్ద. అది మింగి నోరు తెరిచి చూపిస్తేనే మామిడిపండు. "మామిడి ఇంట్లో పుట్టి కడుపు చెడగొట్టుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేం" అనేది. ఎవరికైనా నలతగా ఉంటే ఆవిడ ముందు అడిగే ప్రశ్న కూడా అదే: "ముద్ద మింగావా, ఊశావా?"

నేను ఊసే జాతి. అక్క మింగే జాతి. మామ్మ నెయ్యి గిన్నె కోసం అటు తిరగ్గానే అక్క పక్క నుంచి మోచేత్తో పొడిచి "ఇటు పడెయ్" అనేది. నా ముద్ద కూడా తన నోట్లో వేసుకుని, ఏమీ ఎరగనట్టు నమిలేది. నేను ఖాళీ నోరు తెరిచి చూపించేవాణ్ణి. జాలితో తీసుకుందనుకోవద్దు. తనకది నిజంగానే ఇష్టం. మామ్మ కూడా ఆ సంగతి కనిపెట్టే ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే అక్క పక్కన కూర్చున్న రోజున నా ముద్ద పెద్దదిగా ఉండేది.

ఉస్తికాయలు తెచ్చేది నాగమ్మ. నాన్న కొన్న తోటల్లో కోతలకి వచ్చే మనిషి. సాయంత్రం ఇంటికి పోతూ కంచె వెంట కోసి, కొంగున మూటకట్టి తెచ్చి మా అరుగు మీద గుమ్మరించేది. మామ్మ ఆవిడకి చెంబుతో మజ్జిగ ఇచ్చి, కాయలు వేళ్ళతో కెలికి చూసేది.

"ముదరకాయలు తెచ్చావేంటే? ఇవి గింజ కట్టాయి."

"లేతవే అమ్మగారూ. నాకోసం ఉంచుకున్నవి చూస్తే ఏమంటారో. ఎండురొయ్యల్లో వేసి పులుసు పెడితే లేతవి కరిగిపోతాయండి, నాకు గింజ కట్టినవే కావాలి."

"ఆపు. ఆ సంగతులు నా ముందు చెప్పకు" అని మామ్మ చెవులు మూసుకునేది. కాసేపాగి, "చింతపండు ముందు పోస్తావా, తరవాత పోస్తావా?" అని అడిగేది. నాగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

తరవాత పనంతా అరుగు మీదే. తొడిమలు తీసి, కాయని రాతి మీద పెట్టి పచ్చడిబండతో ఒక్క దెబ్బ. కాయ పగలాలి, చితికిపోకూడదు. గింజలు ఎటు చిమ్ముతాయో తెలియదు, సరిగ్గా కంట్లోకే వచ్చేవి. పగిలిన కాయల్ని నీళ్ళలో పిసికి గింజలు వదలగొట్టి, ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, తెల్లారి డాబా మీద పాత పంచె పరిచి ఎండబెట్టేవారు. సాయంత్రానికి మళ్ళీ అదే మజ్జిగలోకి. మజ్జిగ పూర్తిగా ఇంకి, కాయ నల్లబడి గలగలలాడేదాకా అలాగే. ఆ వారమంతా మా వేళ్ళు నల్లగా ఉండేవి, బడిలో తెలిసిపోయేది. ఏడాదికి సరిపడా వరుగు జాడీలోకి వెళ్ళేది. బాలింతలకి పథ్యంలోకి అదే, పిల్లలకి నులిపురుగులంటే అదే. జ్వరం పడి లేచినవాళ్ళకైతే తప్పనిసరి. "నోరు తెరిపించాలంటే ఉస్తే" అని మామ్మ మాట. వైద్యం సంగతి నాకు తెలియదు. జ్వరం నుంచి లేచిన మా ఇంటివాళ్ళు ఆ వాసనకి మంచం దిగి వంటింట్లోకి రావడం మాత్రం చూశాను.

ఈ కథంతా ఒకసారి పత్రికలో రాశాను. ఆదివారం అనుబంధంలో కాస్త చోటు మిగిలితే, ఉస్తివరుగు ఎలా పెట్టాలో మామ్మ పద్ధతిలో రాసి ఇచ్చి ఊరికి వెళ్ళాను. మా ప్రూఫ్ రీడరు మంచివాడు, శ్రద్ధ కలవాడు. ఆ మాట ఎప్పుడూ వినలేదు కాబట్టి నేను తొందరలో తప్పు రాశాననుకున్నాడు. ఉస్తి అన్న ప్రతిచోటా ఉసిరి అని దిద్దాడు. ఆ వారం ఎంతమంది ఉసిరికాయల్ని రాతి మీద పగలగొట్టి మజ్జిగలో వేశారో తెలియదు కానీ, ఆఫీసుకి ఉత్తరాలు మాత్రం వచ్చాయి. అక్క ఫోను చేసి "మామ్మ పేరు పెట్టి ఇంత పని చేస్తావా" అని, ఫోను అక్కర్లేకుండానే నూజివీడు నుంచి వినిపించేంత గొంతుతో అరిచింది. సవరణ వేయించాను. తెల్లారి చూసుకుంటే అందులో ఇలా ఉంది: "ఉసిరి అని పడినచోటల్లా ఉసిరి అని చదువుకోగలరు." ఆ తరవాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అదే మాట పట్టుకుని ఊరంతా తిరగాల్సి వచ్చింది. నూజివీడు కూరగాయల బజార్లో అడిగిన మొదటి దుకాణంలోనే "ఉసిరా అండి? ఇప్పుడు సీజను కాదండి" అన్నాడు. రెండో దుకాణంలో ఉసిరికాయ పచ్చడి సీసా తీసి చూపించారు. మూడో చోట ఒకావిడ నా వయసుదే, "ఉస్తా? అబ్బో, ఎప్పటి మాటండీ" అంది. ప్రాణం లేచి వచ్చింది. "ఎక్కడ దొరుకుతుందమ్మా?" అంటే "దొరకదండి" అని బీరకాయలు తూచడంలో పడింది. పద్మ ఫోనులో వెతికి, తమిళదేశం వైపు నుంచి వచ్చే ప్యాకెట్టు ఒకటి తెప్పించింది. వేయించి నలిపి పెట్టాం. అక్క నాలుక మీద వేసుకుని, చాలాసేపు ఆలోచించి, పక్కకి తీసి పెట్టింది. "ఇది ఉప్పు" అంది. ఆ రోజు అన్నం అసలు తినలేదు.

మర్నాడు పద్మ కొడుకు స్కూటర్ తీసుకుని రెడ్డిగూడెం వైపు వెళ్ళాను. ఆ తోటలన్నీ నాన్నతో తిరిగినవే. అప్పుడు కంచె అంటే ఒక ఊరంత సందడి ఉండేది. బ్రహ్మజెముడు, కలే పొద, సీతాఫలం, దొండ తీగ, మధ్యలో ఉస్తి, వాటిలో ముంగిసలూ పిట్టలూ. ఇప్పుడు సిమెంటు స్తంభాలు, వాటికి ఇనుప తీగ. చెట్ల కింద నేల బోడిగుండులా ఉంది. ఒక తోట దగ్గర కాయలు లారీకి ఎక్కిస్తున్న కౌలుదారుణ్ణి అడిగాను.

"కంచెలో ముళ్ళ మొక్కలా? గడ్డి మందు కొట్టించేశాం సార్. చూడండి ఎంత నీటుగా ఉందో."

"ఒక్కటైనా ఎక్కడైనా మిగల్లేదా?"

"మిగిలితే చెప్పండి సార్, దానికీ కొట్టిస్తాను" అన్నాడు. పాపం, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండలో అలా తోట తరవాత తోట తిరుగుతుంటే నాకు కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. కౌలుదారుడి మీద కోపం ఎందుకు, ఉస్తి కోసం మామిడి వదులుకొమ్మని ఎవరు చెప్పగలరు. ఎవరూ నరికెయ్యాలని నరకలేదు, ఎవరూ పోవాలని కోరుకోలేదు. శుభ్రం చేశారు, అంతే. ఒక సామాన్యమైన పిచ్చిమొక్క, అడక్కుండా కాసేది, నాలుగు గుప్పెళ్ళు కావాలంటే నాలుగు మండలాలు తిరగాలి. ఇంటికి వెళ్ళి అక్క మొహంలోకి ఎలా చూడాలో అర్థం కాలేదు. నువ్వు తెప్పించలేవు అని ముందే చెప్పింది.

బాపులపాడు దగ్గర ఒక నర్సరీ ఉందని, అక్కడ రకరకాల మొక్కలుంటాయని పద్మ చెబితే అక్కడికీ వెళ్ళాను. ఆకుపచ్చ నెట్ల కింద ట్రేలలో నారు వరసలు వరసలుగా ఉంది. మొదటి వరస దాటేలోపే ఆగిపోయాను. వెడల్పు ఆకు, కాండం మీద సన్న ముళ్ళు. ఒక ఆకు తుంచి వాసన చూశాను. అనుమానం లేదు. ట్రే తరవాత ట్రే, చూపు ఆనినంత దూరం ఉస్తి నారే.

"ఇదేం మొక్క బాబూ?" అని నర్సరీ యజమానిని అడిగాను.

"టోర్వం అండి. వంగకి అడుగు మొక్క. దీని మీద మంచి రకం వంగ అంటు కడతాం. వేరు గట్టిది సార్, తెగుళ్ళు దగ్గరికి రావు. రైతులు బాగా తీసుకెళ్తున్నారు."

మామిడి దేశంలో పుట్టినవాణ్ణి, అంటు అంటే నాకు చెప్పక్కర్లేదు. పేరులేని పీచుకాయ టెంక మొలిస్తే, దాని మొదలు మీద రసాల కొమ్మ కడతారు. పైది పేరు, కిందది బలం. కానీ ఉస్తికి ఆ గతి పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. "దీని కాయలు కావాలి" అన్నాను.

ఆయన నవ్వాడు. "కాయలా? ఇది కాయదండి, కాయనివ్వం. అంటు కింద నుంచి చిగురు వస్తే గిల్లేస్తాం. రైతులకీ అదే చెబుతాం. అది కాసిందంటే మా అంటు పోయినట్టేగా సార్."

అప్పుడు దాన్ని ఎవరూ పెంచలేదు, ఎక్కడ చూసినా ఉండేది. ఇప్పుడు వేల మొక్కలు, జాగ్రత్తగా, నీడలో, లెక్కగా నీళ్ళు పోసి పెంచుతున్నారు, ఒక్క కాయ లేదు. ఉస్తి అన్న పేరూ లేదు. నారు తీసుకెళ్ళి నాటమన్నాడు, నెలలు పడుతుందట. మా అక్క దగ్గర నెలలు లేవని ఆయనతో చెప్పలేకపోయాను. జ్వరం నుంచి లేచిన మనిషి తినడానికి అని మాత్రం అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "ఉంగుటూరు వైపు సాంబయ్య అని ఒక రైతు, కొన్ని మొక్కలు అంటు పోయి అడుగు మొక్క లేచిందని నా మీద గొడవకి వచ్చాడు. ఉంచాడో పీకేశాడో. నేను పంపానని చెప్పకండి" అన్నాడు.

సాంబయ్య వంగతోట గట్టు మీద స్కూటర్ ఆపి, అంటు పోయిన మొక్కలు చూడాలన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

"అంటు పోయిందని ఎవరు చెప్పారండి మీకు? పేపర్లో వేస్తారా ఏంటి?"

"పేపర్లో పని మానేసి చాలా కాలమైందయ్యా."

"మరి మా తోటతో మీకేం పని? అందరికీ బాగానే కాసింది, నాకే పోయింది. నీళ్ళు ఎక్కువ పెట్టానంటాడు నర్సరీ ఆయన. ఊళ్ళో తెలిస్తే నవ్వుతారండి."

అక్క సంగతి చెప్పాను. నోరు చచ్చిపోవడం అన్న మాట వినగానే ఆయన మెత్తబడ్డాడు. గట్టు చివర చూపించాడు. పీకేసిన మొక్కలు కుప్పగా పడి ఎండిపోయి ఉన్నాయి, వాటి కొమ్మలకి నల్లగా ముడుచుకుపోయిన గుత్తులు. ముందే వచ్చి ఉంటే అనుకుంటూ నించుండిపోయాను. అంతలో ఆయన భార్య బోరు దగ్గర నుంచి కేకేసింది: "మోటారు పక్కది పీకలేదుగా. నీడకి ఉంచమన్నాను."

మోటారు పక్కన నా తల కంటే ఎత్తు లేచి ఉంది. మొదలు దగ్గర, అంటు కట్టిన చోట వంగ కొమ్మ ఎండిపోయి, పుల్లలా పక్కకి ఒరిగి ఉంది. దాని కింద నుంచి ఉస్తి దారి చూసుకుని పైకి వచ్చి, తెల్లగా పూసి, గుత్తులు వేసింది. లేతవి, ముదిరినవి, ఎవరికి కావల్సినవి వాళ్ళకి. చేతులు గీరుకుపోతున్నా ఆగకుండా కోశాను. డబ్బులివ్వబోతే సాంబయ్య నవ్వాడు. "పోయిన అంటుకి డబ్బులేంటండి. నా ఫోను నంబరు తీసుకోండి, మీదీ ఇవ్వండి. ఇంకేమన్నా పోతే చెబుతాను."

వరుగు పెట్టడానికి వారం పడుతుందంటే అక్క ఒప్పుకోలేదు. "అప్పటిదాకా నేనుండొద్దూ. సగం ఎండబెట్టు, సగం ఇవాళ వేయించు" అని కుర్చీ వంటింటి గుమ్మంలోకి వేయించుకుంది. పచ్చడిబండ పద్మ తీసిచ్చింది, కొట్టింది నేను. "చితక్కొట్టకు, పగలగొట్టు" అని అక్క, "నాకు తెలుసు" అని నేను. మొదటి దెబ్బకే గింజలు నా కళ్ళజోడు మీదికి చిమ్మాయి. గింజలు కడిగేసి, కాయల్ని ఉప్పు మజ్జిగలో సాయంత్రం దాకా ఉంచి, గట్టిగా పిండి, నేతిలో వేయించాం. వాసన వంటింట్లోంచి హాల్లోకి వెళ్ళింది. పద్మ ముక్కు చిట్లించింది. అక్క కళ్ళు తెరిచి కూర్చుంది.

కంచంలో తనే కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోలేదు, నా వైపు చాపింది.

"ఇది నీది. ఇన్నేళ్ళూ నీ వంతు కూడా నేనే తిన్నాను."

నోట్లో వేసుకుని, గబుక్కున మింగాను. గొంతులో కూర్చుంది. నోరు తెరిచి చూపించాను. అక్క తన ముద్ద తిన్నది, తరవాత ఇంకొకటి. పద్మ అన్నం గిన్నె దగ్గరికి జరిపింది. అప్పుడే నా ఫోను మోగింది. చేతులు ఎంగిలిగా ఉన్నాయని పద్మ స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"సార్, నేనండి, సాంబయ్యని. నర్సరీ ఆయన మొక్కలు మార్చి ఇస్తానన్నాడండి. మోటారు కాడ మీ ఉసిరి మొక్క ఉంచమంటారా, తీసేయమంటారా?"

నేను నోరు తెరిచేలోపే అక్క కుర్చీలో ముందుకి వంగింది.

"ఉసిరి కాదయ్యా, ఉస్తి. ఉస్తి అను."

ఆ గొంతుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఫోనులో "ఉస్తి అండి" అని మెల్లగా వినిపించింది.

"ఆఁ. అది ఉంచు" అంది అక్క. కంచం పద్మ వైపు జరిపి, "ఇంకాస్త అన్నం వెయ్యి" అంది.